అమ్మ పేరున ఒక మొక్కు

నా చేతి అనపగింజల పితికిపప్పు కూర తిన్నవాళ్ళు వేళ్ళు నాక్కుంటూ ఒకే మాట అంటారు. "అచ్చం మాంసం కూరలాగే ఉందండీ." వాళ్ళు మెచ్చుకుంటున్నారని నాకు తెలుసు. అయినా ఒళ్ళు మండుతుంది. నవ్వి ఊరుకుంటాను, ఇంకో గరిటె వడ్డిస్తాను, వాళ్ళు వెళ్ళాక గిన్నెలు కాస్త గట్టిగా తోముతాను.

ఈ మధ్య తెలిసినావిడ ఒకరు ఫోన్ చేశారు. ఇంట్లో అందరికీ ముక్క లేనిదే ముద్ద దిగదట, మాంసం ధర చూస్తే గుండె జారిపోతోందట. తక్కువ ఖర్చులో అయ్యే శాకాహార కూరలు, మాంసం తినే నోటికి నచ్చేవి, నాలుగు చెప్పమన్నారు. చెప్పాను. నాలుగు కాదు, తొమ్మిది చెప్పాను. ఆవిడ రాసుకున్నారు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆ కూరలు మా ఇంట్లో ఎవరి కంచంలోకి వెళ్ళాయో చెప్పలేదు. అది ఇప్పుడు చెప్తాను.

తొంభైల మొదట్లో మేము మద్రాసు తండయారుపేటలో ఉండేవాళ్ళం. ఒకే వాకిలి చుట్టూ ఆరు పోర్షన్లు, మధ్యలో ఒక చేతిపంపు. నాయన తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంట్లో నాయన, అమ్మ, నాయన తల్లి అయిన మా అవ్వ, నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన అన్న, నేను. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఎన్ని తరాల కిందట ఈ ఊరు వచ్చామో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, వాకిట్లో సగం తెలుగు సగం అరవం, బడిలో మొత్తం అరవం.

ఆ వాకిట్లో ఆదివారం అంటే మాంసం. పొద్దున్నే మగవాళ్ళు పసుపు గుడ్డ సంచులు పట్టుకుని కొట్టుకు వెళ్ళేవాళ్ళు. పదకొండు గంటలకల్లా ఆరు ఇళ్ళలోనూ మసాలా నూరుతున్న చప్పుడు వినిపించేది. ఏ ఇంట్లో చప్పుడు లేకపోతే ఆ ఇంటి సంగతి సాయంత్రానికి అందరి నోళ్ళలోనూ నానేది. ఒంట్లో బాగాలేదా, డబ్బుకు ఇబ్బందా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారా అని. మా వాకిట్లో గోడలు ఉన్నాయని పేరే గాని, ముక్కుకు గోడ ఎవరు కట్టగలరు.

వడ్డన కూడా ఒక పద్ధతిలో జరిగేది. మొదట నాయనకు ముక్కలు, తర్వాత అన్నకు, తర్వాత అవ్వకు, మిగిలిన దాంట్లో నాకు. అమ్మ అందరూ లేచాక ఖాళీ సట్టిలో అన్నం వేసి, అడుగున అంటుకున్న పులుసుతో కలిపి, సట్టిని తుడుచుకుంటూ తినేది. అది ఆమెకు ఇష్టమని నేను చాలాకాలం నమ్మాను. "సట్టిలో కలిపిన అన్నం రుచే వేరు పాపా" అనేది. అబద్ధం చెప్పేటప్పుడు అమ్మ ముఖం చాలా శాంతంగా ఉండేది.

ఆ ఏడు సెప్టెంబరులో, పెరటాసి నెల మొదట్లో నాయన ఫ్యాక్టరీకి లాకౌట్ పడింది. గేటుకు నోటీసు అంటించి తాళం వేశారు. పెరటాసి అంటే మాలాంటి ఇళ్ళలో ఏడుకొండలవాడి నెల, నెలంతా నీసు ముట్టరు. కాబట్టి ఆ నెల మా లోటు ఎవరికీ తెలియలేదు. ఆరు ఇళ్ళలోనూ సాంబారే, ఆరు ఇళ్ళలోనూ అప్పడమే. నాయన రోజూ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని, రైలెక్కి వెళ్ళి మూసిన గేటు ముందు కూర్చుని వచ్చేవాడు. ఇవాళో రేపో తెరుస్తారని అందరూ అన్నారు. మేమూ అన్నాము.

పెరటాసి అయిపోయింది. తర్వాత వచ్చిన మొదటి ఆదివారం మా పేటలో మాంసం కొట్ల ముందు సినిమా టిక్కెట్లకు నిలబడ్డట్టు నిలబడతారు. నెలరోజుల ఆకలి అది. ఐదు ఇళ్ళ నుంచి సంచులు బయల్దేరాయి. మా ఇంటి సంచి మేకుకు తగిలించినది తగిలించినట్టే ఉంది. నాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అవ్వ చేతిపంపు దగ్గర బిందె పెట్టుకుని కూర్చుంది.

పక్క పోర్షన్ ఆవిడ కూడా మావాళ్ళే, తెలుగువాళ్ళే. ఆమె నీళ్ళకు వచ్చి, మామూలుగా అడిగినట్టే అడిగింది. "ఏం పెద్దమ్మా, పెరటాసి ముగిసిపోయె గదా. మీ అబ్బాయి సంచెత్తుకోని పోలేదే ఇంకా?"

అవ్వ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మాకింకా లేదమ్మా. మా కోడలు మొక్కుకోనుండాది. ఫ్యాక్టరీ గేటు తెరిచేదాకా ఇంట్లో నీసు ముట్టేది లేదని ఏడుకొండలవాడికి మొక్కేసింది. సామి పేరు చెప్పినాక మనమేం చేసేది?"

"అడడా, వేండుదలా, మొక్కుకునిందా. ఎంత గట్టి మనసు పెద్దమ్మా మీ కోడలికి."

అమ్మ వంటింటి గడప దగ్గర చేటలో రేషన్ బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ప్రతి మాటా వినిపించింది. నేను గబగబా ఆమె దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఎప్పుడు మొక్కుకుంటివి మా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది పాపా" అంది అమ్మ. ఏరిన రాయిని పక్కన పడేసింది.

నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నవ్వాను కూడా. అవ్వ భలే తప్పించుకుంది అనుకున్నాను. ఇంటి పరువు కాపాడిన మాటే గదా, అందులో ఎవరికి నష్టం అనిపించింది. నాయన విని, గోడవైపు నుంచి ఇటు తిరిగి, "సరే, మంచిదేలే" అన్నాడు. అతని ముఖంలో అంత ఊరట నేను నెలరోజుల్లో చూడలేదు. ఆ మొక్కు తన పేరున ఎందుకు చెప్పుకోలేదు అవ్వ అని గానీ, కొడుకు పేరున ఎందుకు చెప్పలేదు అని గానీ ఎవరికీ తోచలేదు. ఇంట్లో కడుపు కట్టుకోవాల్సి వస్తే ఎవరి పేరున కట్టాలో ఎవరూ ఆలోచించాల్సిన పని లేదు. నోటికి దానంతట అదే వస్తుంది.

ఆ తర్వాత అమ్మకు అసలు పని మొదలైంది. మాంసం లేదని ఎవరూ మూతి ముడవకూడదు, ఖర్చు పెరగకూడదు. ఆ రెండింటి మధ్య ఆమె ఒంటరిగా నిలబడి వండింది.

కందగడ్డను చేప ముక్కల్లా పలచగా కోసి, గొంతు దురద పెట్టకుండా చింతపండు నీళ్ళలో ఉడికించి, కారం, పసుపు, సోంపు నూరి పట్టించి, రేషన్ పామోలిన్‌తో పెనం మీద కాల్చేది. శనగపప్పును బరకగా రుబ్బి, ఉల్లిపాయ వేసి ఉండలు చేసి, ఆవిరికి ఉడికించి మసాలా పులుసులో వేసేది, కైమా ఉండలకు బదులు. ఎండు అనపగింజలు, వంకాయ వేసి ఎండుచేపల పులుసు కాచినట్టే కాచేది, ఎండుచేప లేకుండా. మీల్ మేకర్‌ను వేడినీళ్ళలో రెండుసార్లు పిండి పారబోస్తే గాని ఆ పచ్చి వాసన పోదని ఆమె తనంతట తనే కనిపెట్టింది. పులుసులో మునక్కాడలు కాస్త ఎక్కువ వేసేది. కొరికి పీల్చి పక్కన పెట్టడానికి ఏదో ఒకటి ఉంటే ఎముకలు తిన్న నోటికి తృప్తిగా ఉంటుందని ఆమె లెక్క. ఎంత ఆలోచన చూడండి. ఈ ఆలోచన ఏ మగవాడైనా ఏ పనిలోనైనా పెట్టి ఉంటే అతనికి ప్రమోషన్ ఇచ్చేవాళ్ళు.

మా ఇంట్లో ఇచ్చినవి వేరే. "ముల్లు లేని చేపను నేనీడే చూస్తా ఉండా" అంది అవ్వ, మూడో ముక్క నోట్లో పెట్టుకుంటూ. నాయన మీల్ మేకర్‌ను వేలితో అటూ ఇటూ పొర్లించి, "ఏందిది, స్పాంజా" అని కంచం పక్కకు తోసి లేచాడు. అన్న కూడా తోశాడు, నాయన తోశాడు కాబట్టి. అలా తోసిన కంచాలను అమ్మ ఏమీ అనకుండా ఎత్తేది. నేనైతే ఆ కంచం అతని నెత్తిన బోర్లించేదాన్ని. అప్పుడు కాదు, ఇప్పుడు. అప్పుడు నేనూ మూతి ముడిచిన రోజులున్నాయి.

చలికాలంలో పితికిపప్పుతో అమ్మ గెలిచింది. పచ్చి అనపకాయలు మార్కెట్లో గంపలకొద్దీ చవగ్గా వచ్చే రోజులవి. గింజలు ఒలిచి నానబెట్టి, ఒక్కొక్కటీ రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడుతుంది. ఐదుగురికి కావాలంటే రెండు మూడు గంటలు కూర్చుని పితకాలి. వేళ్ళు నాని ముడతలు పడతాయి, గోళ్ళ సందులు పగులుతాయి. దాంట్లో మాంసం మసాలాయే వేసింది. లవంగం, చెక్క, గసగసాలు, కొబ్బరి, అన్నీ నూరి. వాసన వాకిలంతా పోయింది. నాయన మారు మాట్లాడకుండా మూడుసార్లు వడ్డించుకున్నాడు. పితికిపప్పు అంతా మగవాళ్ళ కంచాల్లోకీ అవ్వ కంచంలోకీ వెళ్ళింది. నాకు రెండు గరిటెలు వచ్చాయి. అమ్మ సట్టిలో అన్నం కలుపుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది. లేనిది మాంసం ఒక్కటే కాదు. మాంసం ఉన్నప్పుడు ముక్కలు వాళ్ళకు, పులుసు ఆమెకు. పప్పు వచ్చాక పప్పు వాళ్ళకు, నీళ్ళు ఆమెకు. శనగపప్పు ఉండలకు కూడా మాంసం ముక్కల వరసే పట్టింది, నాయనకు నాలుగు, అన్నకు మూడు, అవ్వకు రెండు, నాకు ఒకటి. అవి శనగపప్పేనని, ఇంకో పిడికెడు రుబ్బితే ఇంకో నాలుగు వస్తాయని ఎవరికీ తట్టలేదు. వండిన అమ్మకు కూడా తట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు అందరికంటే ఆమె మీదే ఎక్కువ కోపం వస్తుంది.

ఇక మొక్కు సంగతి. అది మొదట ఇంటిల్లిపాదిదీ. తర్వాత ఒక్కొక్కరే దాన్నుంచి బయటికి నడిచారు.

ముందు నాయన. పని వెతుక్కుంటూ తిరిగే మనిషికి ఒంట్లో బలం ఉండాలి గదా అంది అవ్వ. సావాసగాళ్ళతో బయట బిర్యానీ తిని వచ్చేవాడు, నోట్లో సోంపు నములుతూ. మాకు తెలియదని అతను అనుకునేవాడు. ఆ తర్వాత అన్న. పదో తరగతి పరీక్షలు, ఎదిగే పిల్లవాడు, మగపిల్లవాడు. నాయన వెంట వెళ్ళి తనూ తిని వచ్చేవాడు. "లివర్ ఫ్రై కూడా తింటిమి" అని నా చెవిలో చెప్పాడు ఒక రోజు, నన్ను ఏడిపించడానికి. తర్వాత అవ్వ. కనుమ పండక్కి పక్కింటావిడ గిన్నెడు మాంసం పులుసు పంపింది, మొక్కు మీకు, పిల్లలకు ఎందుకని. "పండగ నాడు ఇంటికొచ్చింది వద్దనకూడదు" అని అవ్వ దాన్ని కొంగు చాటున తెచ్చుకుని, పిల్లలకు పంపిన పులుసంతా మూలన కూర్చుని తనే తింది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అమ్మ దాన్ని తోమి, శనగపప్పు ఉండల పులుసు పోసి పంపించింది.

మిగిలింది అమ్మ, నేను. నాకు కూడా అవ్వ మినహాయింపు ఇవ్వబోయింది. "ఆడపిల్లకెందుకే మొక్కు, నువ్వు తిను" అని. "అమ్మ తినేదాకా నేను తినను" అన్నాను. అది ప్రేమ అనుకునేరు. సగం మొండితనం. వాళ్ళను ఏదో ఒక రకంగా సిగ్గుపడేలా చేయాలని. ఎవరూ సిగ్గుపడలేదు. "తల్లి బుద్ధే వచ్చె" అని అవ్వ మురిసిపోయింది.

ఉగాది దాటాక నాయనకు సౌకార్‌పేటలో ఒక గోడౌన్‌లో సరుకు ఎక్కించి దించే చోట సూపర్వైజరు పని దొరికింది. ఆదివారం సంచి మళ్ళీ మేకు మీది నుంచి దిగింది. ఆ రోజు అమ్మ మాంసం వండింది. నేను సంతోషంగా చూస్తున్నాను, ఇక అయిపోయింది గదా అని. వడ్డించడం అయ్యాక అవ్వ, చేతిలో ముక్క పట్టుకుని, చాలా సహజంగా అంది. "నువ్వు తినబాకమ్మా. మొక్కు గేటు తెరిచేదాకా గదా. గేటు తెరవలేదు."

నవ్వుతుందేమోనని నేను ఆమె ముఖం చూశాను. నవ్వలేదు. ఆ అబద్ధం చెప్పిన మనిషే దాన్ని నమ్మేసింది. ఆరు నెలలుగా వాకిట్లో పదిమందికి పదిసార్లు చెప్పి చెప్పి, తనే పుట్టించిన మాటకు తనే దండం పెట్టడం మొదలుపెట్టింది. మొక్కు తప్పితే కొడుక్కి దొరికిన ఈ పని కూడా పోతుందని ఆమె భయం. భయం నిజమైనదే. కాని ఆ భయానికి కట్టే సుంకం మాత్రం కోడలి నోటి నుంచి.

నాయన తల వంచుకుని తింటున్నాడు. ఎముక చీకుతున్నాడు. అతను ఒక్క మాట, "ఏం మొక్కు, ఎవరు మొక్కారు, కూర్చో, తిను" అని ఉంటే చాలు. ఆ ఒక్క మాటకు అతనికి ఖర్చేముంది. ఆ ఫ్యాక్టరీ ఈనాటికీ తెరవలేదు. ఆ స్థలంలో ఇప్పుడు కంటైనర్ లారీలు నిలబడుతున్నాయి.

వాకిట్లో మాత్రం అమ్మ దేవత అయిపోయింది. మొగుడి పని కోసం నోరు కట్టుకున్న మహా ఇల్లాలని పేరు పడింది. సీమంతాలకు మొదటి గాజులు ఆమె చేత తొడిగించేవాళ్ళు. కొత్త పెళ్ళికూతుళ్ళు ఆమె కాళ్ళకు మొక్కేవాళ్ళు. ఆమె చీర లోపల మనిషి రోజురోజుకూ తగ్గిపోతోందని, రవికె భుజాల మీంచి జారుతోందని ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు అది తపస్సు అనుకున్నారు.

జూలై నడిమికి ఆడి నెల వచ్చింది. మా పేటలో ఆ నెల ఆదివారాల్లో అమ్మవారి గుడి ముందు పెద్ద గుండిగల్లో కూళు కాచి పోస్తారు. కూళు అంటే రాగి అంబలే. నంజుకోవడానికి మునగాకు వేపుడు, ఎండుచేపల పులుసు. ఆ ఏడు మొదటి గరిటె అమ్మ చేత పోయించాలని ఆడవాళ్ళంతా పట్టుబట్టారు. ఎండలో, పొయ్యి పక్కన, పసుపు చీరలో నిలబడి అమ్మ మొదటి చెంబులోకి గరిటె వంచింది. రెండో చెంబు నిండకముందే కిందికి జారింది. గరిటె ముందు పడింది, తర్వాత అమ్మ.

"అమ్మోరు పూనింది" అన్నారెవరో. వేపాకు తెచ్చారు. దండాలు పెట్టారు. నేను అరిచాను, నీళ్ళు తెమ్మని. అందరూ దండాలు పెడుతున్నారు. పక్కింటావిడ ఒక్కతే నా మాట విని చెంబుతో నీళ్ళు తెచ్చి ముఖాన చల్లింది.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాము, నేనూ పక్కింటావిడా. నాయనకు సెలవు దొరకలేదు. లేడీ డాక్టరు అమ్మ కింది కనురెప్ప లాగి చూసి, ఎర్రగా ఉండాల్సిన చోట ఏమీ లేదని చెప్పింది. ఒంట్లో రక్తం లేదు. ఏం తింటావని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. ఇంట్లో అందరూ తినేదే అంది. డాక్టరు మాత్రలు రాసింది. ఆకుకూర, పప్పు, బెల్లం కడుపు నిండా తినమంది. తినే అలవాటున్న మనిషే గదా, రోజూ ఒక గుడ్డు తిను, వారానికోసారి ఈరల్, అదే లివర్, తిను అంది. వరస చాలా పొడుగ్గా ఉంది, వెనక నలభైమంది ఉన్నారు, అయినా ఆమె రెండుసార్లు చెప్పింది.

ఆ సాయంత్రం వాకిట్లో ఆడవాళ్ళు అమ్మను చూడ్డానికి వచ్చారు. అమ్మ గడప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నేను డాక్టరు చెప్పింది చెప్పాను. గుడ్డు అనేసరికి అవ్వ రెండు చెంపలూ వేసుకుంది. "మొక్కు తీరకముందే నీసా? ఇంతకాలం కాచిన సామి ఊరుకుంటాడా? కావాలంటే కోడలికి ఇంకో చెంబు పాలు పోయించుకుందాం" అంది. ఆ పాలు కూడా ఎప్పుడూ పోయించుకోలేదు, అది వేరే సంగతి.

కోపంతో నాకు కళ్ళు కనిపించలేదు. "మొక్కు లేదు, ఏమీ లేదు" అన్నాను. "మాంసం కొనను దుడ్లు లేక అవ్వ చెప్పిన అబద్ధం అది. అమ్మ మొక్కుకోలేదు. అవ్వే చెప్పింది, ఆ పంపు కాడ కూర్చోని. చెప్పినామె తినేసింది, నాయన తినేశాడు, అన్న తినేశాడు. అమ్మ మాత్రం చావాల."

పది జతల కళ్ళు ముందు అవ్వ మీదికి, తర్వాత అమ్మ మీదికి తిరిగాయి. పనినుంచి వచ్చిన నాయన చెప్పులు విప్పుతూ వాకిలి మొదట్లోనే ఆగిపోయాడు. అవ్వ అమ్మ వైపు తిరిగింది. "నువ్వే చెప్పమ్మా. మొక్కుకుంటివా లేదా?"

అమ్మ నా వైపు చూడలేదు. "మొక్కుకుంటి అత్తా" అంది. "చిన్నపిల్ల. దానికి తెలీదు."

ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఒకామె నా తలమీద మొట్టికాయ వేసింది, పెద్దవాళ్ళ మీద ఇట్లాంటి మాటలేంటని. నాయన కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. అబద్ధాలకోరుగా నేను మిగిలాను. ఆ రోజు అన్నం తినలేదు, అమ్మతో మాట్లాడలేదు. అవ్వ మీదకంటే వందరెట్లు అమ్మ మీద కోపం. నా వైపు ఒక్క మాట చెప్పడానికి ఏం పోయింది ఆమెకు?

మర్నాడు మధ్యాహ్నం నీళ్ళకు వెళ్తే పక్కింటావిడ నన్ను తన గుమ్మంలోకి పిలిచింది. గుడ్డలో చుట్టిన ఉడికిన గుడ్డు నా చేతిలో పెట్టింది. "మొక్కో కాదో నాకు వద్దు. మేడమీద బట్టలారేస్తా ఉండాది మీ అమ్మ. పోయి తినిపించు" అంది.

మేడమీద అమ్మ ఒక్కతే ఉంది. ఎండకు కళ్ళు చిట్లించి, తాడు పట్టుకుని నిలబడి ఆయాసం తీర్చుకుంటోంది. గుడ్డు ఆమె ముందు చాపి, అడగాల్సింది అడిగాను. "ఎందుకు అట్లా చెప్తివి మా? లేదని చెప్పుంటే ఈ రోజునుంచి తిని ఉండచ్చు గదా."

అమ్మ గోడ నీడకు జరిగి కూర్చుంది. నన్ను కూడా కూర్చోబెట్టుకుంది.

"మొక్కుండాది అంటే, నేను తినలేదని అవుతుంది పాపా. లేదంటే, ఇన్నాళ్ళూ నాకెవరూ పెట్టలేదని అవుతుంది. అంతమంది ముందర ఏది చెప్పమంటావు నన్ను?"

అమ్మ నా చేతిలోంచి గుడ్డు తీసుకుంది. నేలకేసి మెల్లగా కొట్టి, పెంకు ఒలిచింది. తింటుందని నేను చూస్తున్నాను. ఆమె దాన్ని నా నోటి దగ్గర పెట్టింది.

"నేను తినను. నువ్వు తింటేనే" అన్నాను.

"పది నెలలాయె, ఏడాది కావస్తా ఉండాది. ముఖం చూసుకుంటివా అద్దంలో? నాకోసం ఒకరు చిక్కిపోతా ఉంటే నేను చూడలేను. చల్లారిపోతా ఉండాది, తిను."

ఇంకా వద్దనాలి. నాయనను, అన్నను, అవ్వను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో, అన్ని తిట్లూ గుర్తు తెచ్చుకుని నోరు గట్టిగా మూసుకోవాలి. ఉడికిన గుడ్డు వాసన ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్ళూరాయి. రెండు కొరుకుల్లో తినేశాను. ఉప్పు కూడా లేదు.

అమ్మ నా మూతి తుడిచి, పెంకులు ఒక్కటి కూడా మిగలకుండా ఏరి కొంగు చివర ముడి వేసుకుంది. తర్వాత లేచి మిగిలిన బట్టలు ఆరేసింది.